చూపు వచ్చినవాడి బాకీ
(గొల్లపూడి మారుతీరావు: రచన, నటన, సత్కారాలు)

రచయితను సత్కరించడం ఎందుకు? మంచి రచన చేశాడు గనుక అని వెంటనే జవాబు వస్తుంది. అయితే మంచి రచన చేసినవాళ్ళందరికీ సత్కారాలు జరగలేదు. సత్కారాలు జరిగినవాళ్ళందరూ మంచి రచన చేయలేదు. అంచేత సత్కారానికీ, రచనకూ మధ్య ఇంకేదో ఉన్నది. ఇచ్చేవాడు ఎవడు, ఏ పనికి ఇస్తున్నాడు, ఇచ్చి ఏమి పొందుతున్నాడు అని అడిగితే తప్ప ఆ మధ్యనున్నది బయటపడదు. ఈ ప్రశ్నలు వేయడానికి తెలుగులో గొల్లపూడి మారుతీరావు కంటే అనువైన ఉదాహరణ నాకు కనిపించదు. ఆయన నవలలు వ్రాశాడు, నాటకాలు వ్రాశాడు, సినిమాకు కథలూ సంభాషణలూ వ్రాశాడు, పత్రికలో శీర్షిక నడిపాడు, ఆ పైన రెండువందల ఏభైకి పైగా సినిమాలలో నటించాడు. రచయితగానూ బహుమతులు పొందాడు, నటుడిగానూ పొందాడు.

ఆయన మన శిబిరంవాడు కాడు. ఆ సంగతి ఆయనా దాచుకోలేదు, మనమూ దాచనక్కరలేదు. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు ఆయన 'వందేమాతరం' అనే నాటకం వ్రాసి, ప్రదర్శించి, రక్షణ నిధికి డబ్బు పోగుచేసినవాడు. ఆ రోజులలో కమ్యూనిస్టులు జైళ్ళలో ఉన్నారు. ఈ ఒక్క సంగతి చెప్పి ఆయనను పక్కన పెట్టేయవచ్చు. కాని అట్లా పక్కన పెట్టడం విమర్శ కాదు, హాజరు పట్టీ మాత్రమే. 1888లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్‌కు వ్రాసిన ఉత్తరం మనలో చాలామందికి కంఠస్థం. బాల్జాక్ రాచరిక పక్షపాతి. అయినా తాను ప్రేమించిన వర్గమే నశించక తప్పదని తన నవలలలో చూపించాడనీ, అది వాస్తవికత సాధించిన గెలుపు అనీ ఎంగెల్స్ అన్నాడు. ఈ మాట పరాయి దేశపు రచయితలకు ఉదారంగా వర్తింపజేసి, విజయనగరంలో పుట్టినవాడికి మాత్రం వర్తింపజేయకపోవడం న్యాయం కాదు. అలాగని గొల్లపూడి బాల్జాక్ అని నేను అనడం లేదు. ఆయన రచనలో ఆయన అభిప్రాయాలను దాటిపోయిన చోట్లు ఉన్నాయా లేవా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు జీవిక సంగతి చూద్దాం. మారుతీరావు 1939 ఏప్రిల్ 14న విజయనగరంలో పుట్టాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివాడు. అక్కడ విద్యార్థిగానే నాటకాలు వ్రాయడం, ఆడడం మొదలుపెట్టాడు. 'ఆంధ్రప్రభ'లో ఉపసంపాదకుడుగా కుదిరాడు. ఆ తరువాత ఆకాశవాణిలో చేరి, హైదరాబాదు, విజయవాడ, సంబల్‌పూర్, కడప మొదలైన కేంద్రాలలో దాదాపు ఇరవై యేళ్ళు పనిచేశాడు. సహాయ స్టేషన్ డైరెక్టరు హోదాలో ఉద్యోగం వదిలి సినిమాకు అంకితమైనాడు. 2019 డిసెంబరు 12న చెన్నైలో మరణించాడు.

ఇదే ఉత్తరాంధ్ర నేల నుంచి వచ్చిన మరి ముగ్గురిని పక్కన నిలబెట్టి చూడండి. చాసో విజయనగరంలో ఉండి పొలం చూసుకుంటూ వ్రాశాడు. రావిశాస్త్రి వకీలు. కాళీపట్నం రామారావు బడిపంతులు. ఈ ముగ్గురికీ రచన వల్ల పొట్ట గడవలేదు, రచన వల్లనే గడవాలన్న అగత్యమూ లేదు. వారికి అన్నం ఇంకోచోట దొరికింది. అంచేత కలానికి కొంత స్వేచ్ఛ దొరికింది. కోర్టులో చూసిన పేదవాణ్ణి కథలోకి తెచ్చినంత మాత్రాన రావిశాస్త్రికి నష్టమేమీ రాలేదు. పైగా ఆ కథలకు ముడిసరుకంతా ఆ కోర్టు వరండాలోనే దొరికింది. గొల్లపూడి సంగతి వేరు. ఆయనకు పత్రికలో కలం అమ్మకం, రేడియోలో కలం అమ్మకం, సినిమాలో కలం అమ్మకం. చివరికి ముఖం, గొంతు కూడా అమ్మకానికే వచ్చాయి. నేను దీన్ని నిందగా అనడం లేదు. కూలివాడు తన కండను అమ్ముకున్నట్టే రచయిత తన నేర్పును అమ్ముకుంటాడు. అయితే కొనేవాడు సరుకును తన అవసరానికి తగినట్టు కోయించుకుంటాడన్న సంగతి మరువకూడదు. రేడియో ప్రభుత్వానిది. పత్రిక యజమానిది. సినిమా నిర్మాతది. ఈ ముగ్గురు కొనుగోలుదార్లకూ ఏభై యేళ్ళకు పైగా సరుకు అందించి, ఆ మధ్యలో తనకోసం తాను ఏమి వ్రాసుకోగలిగాడన్నదే గొల్లపూడిని అంచనా కట్టే కొలబద్ద.

ఇప్పుడు సత్కారాల పట్టీ చూద్దాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964 చిత్రాలతో నంది బహుమతులు మొదలుపెట్టింది. ఆ తొలి యేడు ఉత్తమ చిత్రంగా బంగారు నంది పొందింది 'డాక్టర్ చక్రవర్తి'. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' నవల ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు తీసిన ఆ చిత్రానికి గొల్లపూడి రచన చేశాడు, నంది పొందాడు. సినిమా రచనలో ఆయనకు అదే తొలి అడుగు. తరువాత యద్దనపూడి సులోచనారాణితో కలిసి 'ఆత్మగౌరవం' కథ వ్రాశాడు. కె. విశ్వనాథ్ దర్శకుడైన మొదటి చిత్రమది. దానికీ నంది వచ్చింది. నటుడైన తరువాత 'తరంగిణి' (1982)లో హాస్యానికి, 'రామాయణంలో భాగవతం' (1985)లో గుణచిత్ర నటనకు, 'మాస్టారి కాపురం' (1990)లో మళ్ళీ హాస్యానికి బహుమతులు వచ్చాయి. ఈ నడుమ 1988లో 'కళ్ళు' కథకు నంది వచ్చింది. మొత్తం ఆరు. మూడు కలానికి, మూడు ముఖానికి.

లెక్క సమానంగా కనిపిస్తుంది. కాని ఈ ఆరూ సినిమాకు వచ్చినవే. నవలకు వచ్చినది ఒక్కటీ లేదు. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగు బహుమతుల జాబితాలో ఆయన పేరు కనిపించదు. 'చెదిన మనుషులు', 'చీకటిలో చీలికలు', 'పిడికెడు ఆకాశం', 'సాయంకాలమైంది' వ్రాసిన మనిషిని నవలాకారుడుగా గుర్తించే పని సంస్థలు పాఠకులకే వదిలేశాయి. ఇక్కడ ఒక చారిత్రక సంఘటనను గుర్తు చేసుకోవాలి. 1957లో స్థాపించిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీని 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. సంగీత నాటక, లలిత కళా అకాడమీలు కూడా దానితోపాటే పోయాయి. నంది మాత్రం నిలిచింది. ఒక సినిమా నటుడు ముఖ్యమంత్రి అయిన యేడే రాష్ట్రంలో సాహిత్య అకాడమీ తలుపు మూతపడింది. అంతకు ముందు యేడే ఒక రచయిత సినిమా నటుడైనాడు. ఈ రెండు సంఘటనలకూ కార్యకారణ సంబంధం ఉన్నదని చెబితే అది మూఢనమ్మకం అవుతుంది. కాని రెండూ ఒకే ప్రవాహంలోని నీళ్ళు. సంస్కృతికి కేంద్రం అచ్చుపుటనుంచి తెరమీదకు జరిగిపోయింది. డబ్బు ఎక్కడికి పోతే సత్కారమూ అక్కడికే పోయింది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల విద్యార్థులకు తెలుగు చెబుతాను. మలక్‌పేట దాటినది మొదలు చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి. నగర్ చౌరస్తా దాకా ఈ రోడ్డు పొడుగునా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు విజయవాడ రోడ్డు మీదుగా, దేవరకొండ బస్సులు సాగర్ రోడ్డు మీదుగా వచ్చి ఎల్.బి. నగర్‌లో ఈ పిల్లలను దింపుతాయి. ఈ పిల్లల చదువులో సాహిత్యానికి ఒక విచిత్రమైన స్థానం ఉన్నది. 'ఈ క్రింది రచయితలను వారి రచనలతో జతపరచండి' అన్నది ఒక ప్రశ్న. 'ఈ క్రిందివారిలో ఫలానా బహుమతి పొందనివారెవరు' అన్నది ఇంకొకటి. రచన చదవనక్కరలేదు, బహుమతి తెలిస్తే చాలు. సత్కారానికి ఈ కాలంలో మిగిలిన ఉపయోగం ఇదే కాబోలు: ఒక మార్కు. ఒకప్పుడు బహుమతి వచ్చిందని పుస్తకం చదివేవాళ్ళు. ఇప్పుడు బహుమతి తెలిసిపోయింది గనుక పుస్తకం చదవడం లేదు. గొల్లపూడి పేరు చెబితే నా తరగతిలో అందరూ నవ్వుతారు. ఫోనులో ఆయన నటించిన ముక్కలు చూడనివాడు లేడు. 'ఆయన నవలలు కూడా వ్రాశారా సార్?' అని అడిగినవాణ్ణి నేను తప్పు పట్టలేదు. ఆ పిల్లవాడికి ఆ సంగతి చెప్పవలసిన సంస్థలు ఏవీ చెప్పలేదు.

ఈ పిల్లలకు నేను గొల్లపూడి రచనలలో ఒక్కటే చదవమని చెబుతాను. అది 'కళ్ళు'.

అది మొదట నాటకం. ఇతివృత్తం చాలా చిన్నది. కొందరు గుడ్డి బిచ్చగాళ్ళు ఉన్నారు. ఆపరేషను చేస్తే చూపు వచ్చే అవకాశం ఉన్నదని వాళ్ళకు తెలుస్తుంది. అందరికీ చేయించడానికి డబ్బు చాలదు. అందరూ అడుక్కున్న పైసలు పోగుచేసి తమలో ఒకడికి చేయిస్తారు. వాడికి చూపు వస్తే ఆ చూపు తమ అందరికీ పనికి వస్తుందని వాళ్ళ ఆశ. వాడికి చూపు వస్తుంది. చూపు వచ్చినవాడు లోకాన్ని చూస్తాడు, లోకపు రుచి మరుగుతాడు, తనకు కళ్ళిచ్చినవాళ్ళనే మోసగిస్తాడు. 1988లో ఎం.వి. రఘు దీన్ని సినిమాగా తీశాడు. పెద్ద తారలు లేరు. సంగీతం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి. తెలుగు తెరమీద బిచ్చగాళ్ళను నవ్వుకోసమో జాలికోసమో కాకుండా కథకు కర్తలుగా నిలబెట్టిన బహుకొద్ది చిత్రాలలో అది ఒకటి.

ఈ ఇతివృత్తాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. మొదటిది రచయితకు ఇష్టమైన చదువు అనుకుంటాను: చూపు మనిషిని చెరుస్తుంది, లేమిలో ఉన్న మంచితనం కలిమిలో నిలవదు, మానవ స్వభావమే అంత. ఇది పాత వేదాంతమే. మధ్యతరగతి రచయితకు పేదవాడి మీద జాలి ఉంటుంది గాని పేదవాడి ఉమ్మడి శక్తి మీద నమ్మకం ఉండదు. అంచేత పేదలు కలిసికట్టుగా ఏదైనా చేస్తే అది చివరకు చెడిపోవాలి. చెడిపోకపోతే ఆయన లోకజ్ఞానానికి దెబ్బ. ఈ చదువును మనం ఒప్పుకోనక్కరలేదు.

రెండో చదువు నాటకంలోనే ఉన్నది, రచయిత ఉద్దేశంతో నిమిత్తం లేకుండా ఉన్నది. డబ్బు ఉమ్మడిది. కళ్ళు మాత్రం ఒక్కడివి. చిక్కంతా ఇక్కడున్నది. ఉమ్మడి శ్రమతో సృష్టించిన విలువ ఒక్కడి శరీరంలో స్థిరపడిపోయింది. దాన్ని మళ్ళీ అందరికీ పంచే ఏర్పాటేదీ వాళ్ళు చేసుకోలేదు. వాడి మంచితనం మీద ఆధారపడ్డారు. వాడు మంచివాడా చెడ్డవాడా అన్నది తరువాతి మాట. ఏర్పాటు లేనిచోట మంచివాడైనా ఎన్నాళ్ళు నిలుస్తాడు? బిచ్చం ఎత్తే లోకంలో గుడ్డివాడికి ఒక ధర ఉన్నది, చూపున్నవాడికి ఇంకొక ధర ఉన్నది. చూపు రాగానే వాడు ఒక వర్గం నుంచి ఇంకొక వర్గంలోకి అడుగుపెట్టాడు. స్నేహితులతో వాడికున్న సంబంధం ఆ అడుగుతోనే మారిపోయింది. నాటకంలో వాడు చేసే ద్రోహం ఆ మార్పు వేసుకున్న వేషం మాత్రమే.

ఈ రెండో చదువు నా తరగతిలో ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. కతంతా వాళ్ళదే. ఒక ఇంట్లో నలుగురుంటే నలుగురినీ హైదరాబాదు పంపే శక్తి ఉండదు. ఒక్కణ్ణే పంపుతారు. దానికోసం అక్క పెళ్ళి వాయిదా పడుతుంది, తమ్ముడు చదువు మాని ఆటో నడుపుతాడు, నాయన అరెకరం అమ్ముతాడు, అమ్మ కూలికి పోతుంది. ఆ పైసలు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు ఫీజుగా, హాస్టలు అద్దెగా మారతాయి. ఒక్కడికి కళ్ళు తెప్పించడానికి ఇల్లంతా గుడ్డిగా అడుక్కుంటున్నది. వాడికి ఉద్యోగం వస్తే? కొందరికి వస్తుంది. వచ్చినవాడు బెంగుళూరుకో, అమెరికాకో, ఇదే ఎల్.బి. నగర్ అవతల ఒక అపార్టుమెంటుకో పోతాడు. నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్ళూ ఉన్నారు, మానేసేవాళ్ళూ ఉన్నారు. మానేసినవాణ్ణి కృతఘ్నుడని ఊరు తిడుతుంది. కాని ఒక్కడికే కళ్ళు తెప్పించవలసిన గతి ఎందుకు పట్టింది? వైద్యం, చదువు, ఉద్యోగం అందరికీ అందే ఏర్పాటు ఎందుకు లేదు? ఈ ప్రశ్న ఊరు అడగదు. 'కళ్ళు' నాటకం కూడా అడగదు. అయితే ప్రేక్షకుడు అడగక తప్పని చోటుకు తీసుకుపోయి వదులుతుంది. నేను అన్న 'అభిప్రాయాలను దాటిపోయిన చోటు' ఇదే. గొల్లపూడి వ్రాసినవాటిలో చిరకాలం నిలిచేది ఇదేనని నా నమ్మకం.

ఇక నటన. 1982లో కోడి రామకృష్ణ తన తొలి చిత్రం 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'లో గొల్లపూడిని తెరమీదకు తెచ్చాడు. అప్పటికి ఆయన నలభై దాటినవాడు. అందం లేదు, పోరాటాలు చేసే దేహం లేదు. ఆయనకున్నది గొంతు, నడుము మధ్య ఆగి వెనక్కు తిరిగి చూసే ఒక చూపు, మాటను విరిచి వదిలే నేర్పు. ఇరవై యేళ్ళు మైక్రోఫోను ముందు కూర్చున్నవాడికి మాట బరువు ఎంతో తెలుసు. తెలుగు సినిమాలో అంతవరకు దుర్మార్గుడంటే జమీందారు, దొంగనోట్లవాడు, బందిపోటు. గొల్లపూడి తెచ్చిన దుర్మార్గుడు మన పక్కింటివాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, మర్యాదగా మాట్లాడతాడు, భార్యను నెమ్మదిగా హింసిస్తాడు, అవతలవాడి కష్టం చూసి లెక్క వేస్తాడు. ఈ మనిషి మధ్యతరగతి ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నాడు. కాని మధ్యతరగతి ప్రేక్షకుడు తెరమీద తనను తాను నాయకుడుగా చూసుకోవడానికి అలవాటు పడ్డాడు గాని దుర్మార్గుడుగా చూసుకోవడానికి కాదు.

'సంసారం ఒక చదరంగం' (1987)లో ఆయన తండ్రి పాత్ర ఇంకో మెట్టు పైది. విసు తమిళంలో వ్రాసి, తీసి, తండ్రిగా నటించిన 'సంసారం అదు మిన్సారం' దీనికి మూలం. చిన్న జీతం గుమాస్తా ఇల్లు. సంపాదించే కొడుకు ఇంటికి ఇచ్చే ప్రతి రూపాయికీ లెక్క అడుగుతాడు. తగవు ముదిరి ఇంటి నడుమ గీత గీసుకునేదాకా పోతుంది. చిత్రం చివర ఏమి నీతి చెప్పినా, ఆ గీత చెప్పిన నిజం చెరగదు: ఉమ్మడి కుటుంబమనే పవిత్ర వస్తువు అడుగున ఉన్నది జీతం రాళ్ళు. గొల్లపూడి ఆ తండ్రిని దేవుడుగా చేయలేదు. అభిమానం, మొండితనం, చేతకానితనం, పిల్లల మీద పడిపోయే ప్రేమ అన్నీ కలిసిన మనిషిగా చేశాడు. నవలాకారుడు నటుడైతే కలిగే లాభం ఇది. పాత్రకు ముందూ వెనకా ఉన్న కథను నటుడు మోసుకొస్తాడు.

అయితే నష్టం కూడా ఉన్నది. 'సాయంకాలమైంది' నవల తీసుకోండి. ఒక శ్రీవైష్ణవ కుటుంబం, ఆచారం, కోవెల, పిల్లలు దేశం దాటిపోవడం, ముసలితనంలో మిగిలిన ఒంటరితనం. చదివినవాడి కన్ను తడి కాక తప్పదు. భాష కూడా మంచి భాష. కాని తెరమీద మధ్యతరగతిని అంత నిర్దాక్షిణ్యంగా విప్పి చూపిన మనిషి, నవలలోకి వచ్చేసరికి ఆచారం ముందు చేతులు కట్టుకున్నాడు. ఆ ఇంటికి సాయంకాలమైంది, నిజమే. ఆ కోవెల గడప తొక్కనివ్వనివాళ్ళకు అదే సమయంలో తెల్లవారుతున్నదా? ఈ ప్రశ్న నవల కేంద్రంలోకి రాదు. బాల్జాక్ తన ప్రభువుల పతనానికి కారణాలను బజారులో, బ్యాంకులో, పెళ్ళి ఒడంబడికలో వెతికాడు. గొల్లపూడి కారణాన్ని ఎక్కువగా మనుషుల మనసుల్లో, తరాల మధ్య దూరంలో వెతికాడు. దుఃఖం నిజమైనది, దృక్పథం ఇరుకైనది. నటుడు తనకు అప్పగించిన పాత్రను వెక్కిరించగలిగాడు. రచయిత తాను ప్రేమించిన పాత్రను ప్రశ్నించలేకపోయాడు.

రచయితే నటుడు కావడం మనకు కొత్త కాదు. 1943 నాటి ప్రజానాట్యమండలిలో వ్రాసేవాడు, ఆడేవాడు, పాడేవాడు, తెర కట్టేవాడు వేర్వేరు జాతులవాళ్ళు కారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు వ్రాసిన 'మా భూమి' నాటకాన్ని ఊరూరా దళాలు ఆడాయి. ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధమే దానికి దొరికిన సత్కారం. ఆ మండలి నుంచి మిక్కిలినేని, అల్లు రామలింగయ్య వంటివారు తెరకు వెళ్ళారు. వెళ్ళక ఏమి చేస్తారు? మండలి మీద నిర్బంధం వచ్చింది, పొట్ట గడవాలి. బెంగాలులో ఉత్పల్ దత్ హిందీ సినిమాలలో నవ్వించి సంపాదించినది తన నాటక సమాజానికి ఖర్చు పెట్టాడు. సినిమాలో నటించడం ద్రోహం కాదు. ఆ కళ్ళు ఎవరి పైసలతో వచ్చాయో మరచిపోవడం ద్రోహం.

ఈ విషయంలో గొల్లపూడి చేసిన ఒక పని మెచ్చుకోదగినది. ఆయన కొడుకు శ్రీనివాస్ 'ప్రేమ పుస్తకం' అనే తన మొదటి చిత్రానికి దర్శకత్వం వహిస్తూ, 1992 ఆగస్టు 12న విశాఖపట్నం సముద్రతీరంలో ప్రాణాలు కోల్పోయాడు. తండ్రే ఆ చిత్రాన్ని పూర్తి చేశాడు. ఆ తరువాత కొడుకు పేరు మీద, దేశంలో ఏ భాషలోనైనా తొలి చిత్రం తీసిన దర్శకుడికి బహుమతి ఏర్పాటు చేశాడు. 'తారే జమీన్ పర్' (2007) తీసిన ఆమిర్ ఖాన్ వంటి పేరున్నవాడికీ అది దక్కింది, పేరు లేని కుర్రవాళ్ళకూ దక్కింది. దుఃఖాన్ని ఇంట్లో దాచుకోకుండా పదిమందికి పనికివచ్చే సంస్థగా మార్చడం చిన్న సంగతి కాదు. తీసుకున్న ఆరు నందుల కంటే ఇచ్చిన ఈ బహుమతిలోనే ఆయన వ్యక్తిత్వం పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు సత్కారాల కథ మరో మలుపు తిరిగింది. రాష్ట్రం రెండైన తరువాత 2014, 2015, 2016 సంవత్సరాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో నందులు ప్రకటించింది. తరువాత ఆ బండి ఆగిపోయింది. తెలంగాణ ప్రభుత్వం తన సినిమా బహుమతులకు గద్దర్ పేరు పెట్టి 2025 జూన్‌లో మొదటిసారి ప్రదానం చేసింది. గద్దర్ మీద 1997 ఏప్రిల్‌లో కాల్పులు జరిగాయి. తూటా ఒంట్లో పెట్టుకునే ఆయన చాలా యేళ్ళు పాడాడు. 2023 ఆగస్టులో మరణించాడు. బతికున్నంతకాలం ఏ రాజ్యాన్ని ధిక్కరించి పాడాడో ఆ రాజ్యమే ఆయన పేరును తన బహుమతి మీద అచ్చువేసింది. దీన్ని ప్రజల విజయమనేవాళ్ళున్నారు, రాజ్యం మింగేయడమనేవాళ్ళున్నారు. రెండింటిలోనూ కొంత నిజమున్నది. పేరు పెట్టక తప్పలేదంటే ఆ పాటకు బలమున్నదన్న మాట. పేరు పెట్టి వేదిక మీద తారలను నిలబెట్టారంటే ఆ పాటను మెత్తబరిచే పని మొదలైందన్న మాట. సత్కారం ఎప్పుడూ ఈ రెండు పనులూ కలిపే చేస్తుంది. అంచేత సత్కారాన్ని చూసి పొంగిపోనూ వద్దు, ఈసడించనూ వద్దు. చదవాలి.

ఏమి చదవాలి? విద్యార్థి మిత్రులకూ, తోటి ఉపాధ్యాయులకూ నాదొక ప్రతిపాదన. గొల్లపూడి ఆత్మకథ 'అమ్మ కడుపు చల్లగా' చదవండి. ఒక రచయితను మూడు సంస్థలు ఎట్లా తయారుచేశాయో, ఆయన వాటిని ఎట్లా వాడుకున్నాడో ఆయన చెప్పినవాటిలోనూ, చెప్పనివాటిలోనూ కనిపిస్తుంది. 'సాయంకాలమైంది' చదివి, కోవెల బయట నిలబడ్డవాడి వైపు నుంచి దానికి సమీక్ష వ్రాయండి. దాని పక్కన రామారావుగారి 'యజ్ఞం' పెట్టుకుని, ఒకే మాండలికపు నేలమీద అప్పు, ఆచారం, న్యాయం ఎవరికి ఎట్లా కనిపించాయో పోల్చండి. అన్నింటికంటే ముందు 'కళ్ళు' నాటకం ఆడండి. దానికి పెద్ద రంగస్థలం అక్కరలేదు. చైతన్యపురిలో ఏ హాస్టలు డాబా మీదనైనా ఆడవచ్చు. బిచ్చగాళ్ళ వేషాలకు బట్టల ఖర్చు కూడా ఉండదు. ఆడిన తరువాత దీపాలు ఆర్పకండి. చూడవచ్చినవాళ్ళను అక్కడే కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: ఆ పైసలు పోగుచేసిననాడే వాళ్ళు ఏ ఏర్పాటు చేసుకుని ఉంటే చూపు వచ్చినవాడు తప్పించుకోలేకపోయేవాడు?

దానికి జవాబు గొల్లపూడి వ్రాయలేదు. ఆ జవాబు వ్రాయడం ఆయన పని అని నేను అనుకోవడం లేదు. ఊళ్ళో ఎవరో అరెకరం అమ్మితే ఇక్కడ కూర్చుని చదువుకుంటున్నవాళ్ళ పని అది.